మగ్దలీనమ్మ అవ్వ పెట్టని వేలిముద్ర

ఈరోజు జూన్ ముప్పై, సోమవారం. పొద్దున ఆరున్నరకే అనురాధ మేడం ఫోన్ చేశారు. "జెస్సీ, సాయంత్రం నా వీడ్కోలు సభలో లైబ్రరీ పాఠకుల తరఫున నువ్వే మాట్లాడాలమ్మా, దేవదానం మాస్టారుకు చెప్పేసినాను" అన్నారు. పళ్ళు తోముకుంటున్నదాన్ని బ్రష్షు నోట్లోనే పెట్టుకుని నిలబడిపోయాను. ఊళ్ళో ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు అడిగారో నాకు తెలుసు. అయినా మధ్యాహ్నం దాకా తెలియనట్టే నటించాను. సాయంత్రం సభలో మాట్లాడింది ఇది.

సభకు అధ్యక్షత వహిస్తున్న దేవదానం మాస్టారుగారికి, జిల్లా నుంచి వచ్చిన అధికారులకు, పాస్టరుగారికి, ఉపాధి పని నుంచి నేరుగా వచ్చి ఇంకా కాళ్ళకు మట్టితోనే కూర్చున్న మా అక్కలకు, గొర్రెలను దొడ్డికి తోలి పరుగున వచ్చిన కోటమ్మ పెద్దమ్మకు, వెనక వరుసలో కూర్చున్న యేసుబాబు మామకు, ఆ పక్కనే ఉన్న మా నాయన సుందరరాజుకు, అందరికంటే ముందు ఈరోజు పదవీ విరమణ చేస్తున్న మా గ్రంథాలయాధికారి అనురాధ మేడంకు నమస్కారం. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. రెండో పేజీ నుంచి మేడంను వెన్నెలతో, గంధంతో, ఇంకా చాలా వాటితో పోల్చాను. అవి చదవను. (నవ్వులు)

మేడం మన ఊరి లైబ్రరీకి వచ్చి పదకొండేళ్ళు. పదకొండు గంటలకు తాళం వేసి మళ్ళీ నాలుగింటికి తీసే మధ్యలో అందరూ ఇంటికి పోయి పడుకుంటారు కదా, మేడం మాత్రం వరండాలో కూర్చుని ఉత్తరాలు రాసేవారు. ఎక్కడో ఒక దేశంలో ఒక మనిషిని అన్యాయంగా జైల్లో వేస్తే, ఆ మనిషి వివరాలు హైదరాబాదులోని ఒక సంస్థ పంపేది. మేడం ఆ దేశపు మంత్రికి, జైలు అధికారికి, వీలైతే ఆ మనిషి ఇంటివాళ్ళకు కూడా ఉత్తరం రాసేవారు. స్టాంపులు సొంతంవి, సమయం సొంతం.

డిగ్రీలో చేరిన కొత్తలో నాకు మాటల పిచ్చి పట్టింది. కంభం బస్సులో కూర్చుని కొత్త పదాలు చేతి మీద రాసుకునేదాన్ని. జైల్లో ఉన్న ఒకామె కోసం మేడం నన్నూ ఒక ఉత్తరం రాయమంటే, "కన్నీటి సంద్రంలో మునిగిపోతున్న అభాగ్యురాలు" అని మొదలుపెట్టి రెండు పేజీలు నింపాను. మేడం కళ్ళజోడు సర్దుకుని, "ఈమె ఏడ్చిందని నీకెవరు చెప్పినారు?" అన్నారు.

"జైల్లో ఉంటే ఏడవరా మేడం?"

"ఏడవకుండా కూడా ఉండొచ్చు. నీకు తెలిసింది రాయి. మర్యాదగా రాయి. పేరు తప్పు లేకుండా రాయి."

కొట్టేయగా కొట్టేయగా ఆరు లైన్లు మిగిలాయి. ఆ ఆరు లైన్లనే పోస్టు చేశాం.

మొన్న మార్చిలో ఒక కొత్త కేసు వచ్చింది. వేరే దేశంలో, సముద్రం పక్క ఊళ్ళో చేపల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె, తోటి ఆడవాళ్ళకు పనిచోట తాగే నీళ్ళు పెట్టమని అడిగినందుకు జైలుపాలైంది. పేరు రోసా. మనవాళ్ళ నోట్లో రెండో రోజుకే రోశమ్మ అయింది. ఈసారి ఉత్తరాలు చాలవు, సంతకాలు కావాలని సంస్థవాళ్ళన్నారు. మేడంతో పాటు నేనూ బయలుదేరాను. మొదట కోటమ్మ పెద్దమ్మ ఇంటికే పోయాం. రోశమ్మను విడిచిపెట్టమనే కాగితం మొత్తం చదివి వినిపిస్తే పెద్దమ్మ అన్న మాట ఇప్పటికీ చెప్పుకుంటారు.

"నీళ్ళడిగితే జైలా? అట్లయితే మన మండలమంతా లోపలే ఉండాల." (నవ్వులు)

ఆ తర్వాత, "మేం వేలిముద్ర పెడితే ఆ రాజ్యంలో చూసేదెవురు మేడం?" అని అడిగింది.

"ఒక్కటి పోతే చూడరు కోటమ్మా. కట్ట పోతే ఏదో ఒక గుమాస్తా అయినా విప్పాల కదా. ఈమెను అడిగే దిక్కు లేదులే అనుకున్నోళ్ళకు, ఉందని తెలుస్తుంది."

మేడం పద్ధతి అదే. చదివి వినిపించాలి. అడిగినదానికి జవాబు చెప్పాలి, తెలియకపోతే తెలియదనాలి. వద్దంటే దండం పెట్టి లేచి రావాలి. ఇమ్మానుయేలు తాత "నా పింఛను పోతాదేమో తల్లీ" అంటే, పోదని ఒక్కసారి చెప్పి, ఆయన ఇచ్చిన మజ్జిగ తాగి, సంతకం లేకుండానే వచ్చేశారు. ఒక్కో ఇంట్లో గంట పట్టేది. అట్లా నెలరోజులు తిరిగితే నూట ఎనభై ఏడు వచ్చాయి.

ఇక్కడి నుంచి చెప్పాల్సింది నా సంగతి. నాయనా, నువ్వు లేచి బయటికి పోవద్దు.

వీధులు పాఠకులకు తలా ఒకటి పంచి, కింది వీధి నాకు అప్పగించారు. ఏప్రిల్ ఎండ. సగం ఇళ్ళకు తాళాలు, మిరప కోతలకు గుంటూరు పక్కకు పోయినవాళ్ళు ఇంకా తిరిగి రాలేదు. కాగితాలు పంపే గడువు రెండు రోజులే ఉంది. మా నాయన ఉపాధి పనిలో హాజరు వేసే మేటు కాబట్టి, ఆయన గుంపులోని పేర్లన్నీ, ఫోన్ నంబర్లతో సహా, ఒక పుస్తకంలో ఉంటాయి. పనికాడ మనకొక అలవాటుంది. పొద్దున పేరు పిలిచినప్పుడు మనిషి ఇంకా దారిలో ఉంటే, పక్కనున్నవాళ్ళు "వస్తాంది, హాజరు రాయి అన్నా" అని పలుకుతారు. ఎవరూ దాన్ని తప్పనుకోరు, ఎందుకంటే ఆ మనిషి నిజంగానే వస్తుంది. నేనూ అట్లాగే అనుకున్నాను. వీళ్ళంతా ఇక్కడుంటే పెట్టేవాళ్ళే కదా, వాళ్ళ తరఫున నేను పలికితే ఏమవుతుంది? పుస్తకం ముందర పెట్టుకుని నలభై ఆరు పేర్లు ఎక్కించాను. సంతకాలు రకరకాలుగా, వంకరగా, వణుకుతూ. రచయిత్రిని కదా! వేలిముద్రలకు నా పది వేళ్ళూ వాడాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, పని అయ్యాక గర్వపడ్డాను కూడా. అందరికంటే ఎక్కువ తెచ్చానని మేడం నాకు నిఘంటువు బహుమతి ఇచ్చారు. తీసుకున్నాను.

ఆ నలభై ఆరులో మగ్దలీనమ్మ అవ్వ పేరుంది. అవ్వ ఫిబ్రవరిలోనే చనిపోయింది. పుస్తకంలో కొట్టేయలేదు. అవ్వను పూడ్చిన రోజు నేను సమాధుల తోటకు కూడా పోయినదాన్నే, పేరు రాస్తున్నప్పుడు నా చెయ్యి ఆగలేదు. నలభై ఆరు అనే లెక్కే కనిపించింది గానీ మనిషి కనిపించలేదు.

సంస్థవాళ్ళు సరిచూసుకోవడానికి కొందరికి ఫోన్ చేస్తారు. అవ్వ నంబరుకు చేశారు. అవ్వ కొడుకు యేసుబాబు మామ ఎత్తాడు. మరునాడు మధ్యాహ్నం లైబ్రరీ వరండాకు వచ్చాడు. నేను లోపల పాత పేపర్లు కట్టలు కడుతున్నాను. మామ కోపంగా వచ్చాడేమో అనుకున్నాను. కాదు. చేతులు కట్టుకుని నిలబడి ఇట్లా అన్నాడు:

"మేడం, మా అమ్మ వేలు పెట్టిన కాగితం ఏందో ఉందంట. ఎప్పుడు పెట్టిందో మాకు తెల్దు. మా కాడ ఆమెది ఫొటో కూడా సరైంది లేదు. ఒక్కసారి చూపిస్తే చూసి పోతాను."

మేడం రాస్తున్న కాగితం పక్కన పెట్టారు. "అది మీ అమ్మది కాదు నాయనా" అన్నారు. మామ ఎవరిదని అడగలేదు. సరే మేడం అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు మేడం లోపలికి వచ్చి అడిగారు. "జెస్సీ, నీకేమన్నా తెలుసా?"

"లేదు మేడం" అన్నాను.

కింది వీధి కాగితాలు తెచ్చింది నేనే, ఆ పేర్లు మా నాయన పుస్తకంలోని వరుసలోనే ఉన్నాయి. మేడంకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? అయినా రెండోసారి అడగలేదు. సంస్థవాళ్ళు మన ఊరి కట్టంతా వెనక్కి పంపారు. నా నలభై ఆరు మాత్రమే కాదు, కోటమ్మ పెద్దమ్మ వేలిముద్రతో సహా నిజంగా పెట్టిన నూట ఎనభై ఏడూ. ఏది నిజమో ఏది కాదో వాళ్ళకెట్లా తెలుస్తుంది? మేడం "బాధ్యత పూర్తిగా నాది" అని జవాబు రాశారు. పదకొండేళ్ళుగా వాళ్ళకు రాస్తున్న మనిషి, ఆ ఒక్క వాక్యంతో తన పేరు పాడుచేసుకున్నారు. నేను పక్కనే కూర్చుని కవరు అతికించాను.



యేసుబాబు మామా, ఆ ముద్ర నాది. ఎడమచేతి చూపుడువేలు. క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు రావడం లేదు.

(వెనక నుంచి కోటమ్మ: "మగ్దలీనమ్మే ఉండుంటే నీ ఈపు పగలగొట్టేదే!")

అవును పెద్దమ్మా, పగలగొట్టేది. (కొందరు నవ్వారు, యేసుబాబు తల వంచుకున్నాడు)

మనలాంటివాళ్ళు ఎక్కడో ఉన్న మనిషి హక్కుల కోసం ఏం చేయగలరని కాలేజీలో వ్యాసం రాయమంటే నేను ఆరు పేజీలు రాసి మొదటి బహుమతి తెచ్చుకున్నాను. మేడంను అడిగితే "కూర్చుని చదివి వినిపించడం" అంటారు. అప్పుడు అర్థం కాలేదు. రోశమ్మ కోసం మన దగ్గర ఉన్నది అధికారం కాదు, బలగం కాదు. ఆమె సంగతి పూర్తిగా విని, ఆలోచించుకుని, సరే అన్న మనుషులు. విననివాళ్ళ పేర్లు నేను కలిపేసరికి విన్నవాళ్ళు కూడా లేకుండా పోయారు.

సంస్థ నుంచి పోయినవారం ఇంకో ఉత్తరం వచ్చింది. రోశమ్మ ఇంకా లోపలే ఉంది. జూలై పదిలోగా కొత్తగా సంతకాలు పంపితే తీసుకుంటామన్నారు. మేడం అది నాకు చదివి వినిపించి, మడిచి, నా చేతిలో పెట్టారు.

మేడం, మీరు రేపు ఒంగోలు పోతున్నారు. మీకు శాలువా కప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఇవ్వగలిగింది ఒకటే. సంస్థకు ఉత్తరం రాశాను, ఆ తప్పు నాదని. ఆరు లైన్లే. ఒక్క విశేషణం లేదు. సభ అయ్యాక పోస్టు చేస్తాను.

నాకు చదువు చెప్పిన పెద్దలకు, ఇంతసేపు ఓపిక పట్టిన మీ అందరికీ కృతజ్ఞతలు. రేపు పొద్దున ఆరు గంటలకు, మా నాయన పేర్లు పిలవకముందే, ఊటకుంట తవ్వే పనికాడికి వస్తాను. మొదట సంతకం అడగను, మొదట ఈ సంగతి చెబుతాను. తిట్టేవాళ్ళ దగ్గర తిట్లు అయిపోయేదాకా కూర్చుంటాను. ఆ తర్వాత, వింటామన్నవాళ్ళకు రోశమ్మ కాగితం మొదటి నుంచి చదువుతాను. ఒక్కరూ సంతకం పెట్టకపోతే నా ఒక్క పేరుతోనే పంపుతాను. సెలవు.