పై వాటాకి అడ్వాన్సు

అద్దె ఇల్లు వెతుక్కునేవాళ్లకు సలహా చెప్పి, అడ్వాన్సుకు సాయం చేసే ఆఫీసు అది. బల్లకు అటువైపు సలహాదారు, ఇటువైపు బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే ఆవిడ. వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ కుర్చీ అంచునే కూర్చుని, వీధి వైపు చూస్తూనే ఉంది.

“...అందుకే చేతికివ్వమమ్మా. సగం అడ్వాన్సు మా ఆఫీసు నుంచి నేరుగా ఓనరుకే వెళ్తుంది. మిగతా సగం కూడా మేమే కట్టి, మీ దగ్గర నెలనెలా కొంచెం కొంచెంగా తీసుకుంటాం. వడ్డీ గిడ్డీ ఏం లేదు.”

“ఈరోజే వెళ్తుందా మేడం?”

“ఈరోజే అంటే... అంత తొందరేముంది? ఇప్పుడున్న ఇల్లు ఖాళీ చెయ్యమన్నారా?”

“లేదు. అంటే, అవును. ఖాళీ చెయ్యాలి.”

“నోటీసిచ్చారా? ఇవ్వకుండా గెంటెయ్యడానికి లేదు. కావాలంటే ఆ ఓనరుతో నేను మాట్లాడతాను.”

“వద్దొద్దు. వాళ్లతో గొడవేం లేదండీ. ఇల్లు చిన్నదైపోయింది, అంతే.”

“ఎంతమంది మీరు?”

“నేను, పాప.”

“ఇద్దరికే చిన్నదైపోయిందా? మరి మీ ఆయన?”

“ఉన్నారు. వర్క్‌షాపులో లేత్ మిషను మీద చేస్తారు. వస్తారు... తర్వాత.”

“సరే. కొత్త ఇల్లు మీ కళ్లతో చూశారా? కరెంటు మీటరు విడిగా ఉందా?”

“చూశానండీ. పై వాటాలో ఒకటే గది. తలుపుకి లోపల రెండు గడియలున్నాయి.”

“నేనడిగింది గడియల సంగతి కాదమ్మా.”

“మీటరు విడిగానే ఉంది.”

“మంచిది. చేరేముందు గోడలూ కిటికీలూ ఫోటోలు తీసి పెట్టుకోండి. ఎవరో కొట్టిన మేకులకి ఓసారి నా అడ్వాన్సులో కోశారు. ఇన్ని సలహాలు చెప్పేదాన్ని, నాకే దిక్కు లేదు.”

“నా దగ్గర ఫోన్ లేదండీ.”

“మొన్న నంబరిచ్చారే?”

“అది పగిలిపోయింది.”

“కింద పడిందా?”

“గోడకి తగిలి.”

“గోడకి... ఊఁ. అగ్రిమెంటు ఎవరి పేరున రాయించుకుంటున్నారు?”

“నా పేరునే.”

“మీ ఆయన జీతం కూడా చూపించి, ఇద్దరి పేర్లూ పెడితే మావాళ్లు ఇంకా తొందరగా...”

“నా ఒక్కదాని పేరే మేడం.”

“అలాగే. ఆ మెడ మీద ఏమైందమ్మా?”

“ఎక్కడ? ఇదా. ఇస్త్రీపెట్టె తగిలింది.”

“మెడకా?”

“ఫ్యాక్టరీలో ఇరుకు కదండీ. పక్కావిడ చూసుకోలేదు.”

“చూడండి, తలుపు దగ్గరగా వేశాను. ఇంట్లో ఏదైనా ఇబ్బందుంటే నాతో చెప్పండి. దానికి వేరే సాయం ఉంది. ఇల్లు ఎక్కడో ఎవరికీ తెలియకుండా చూస్తాం, ఓనరుకి కూడా ముందే గట్టిగా చెప్పి పెడతాం...”

“అలాంటిదేం లేదండీ. ఇల్లు చిన్నది, అంతే.”

“సరే, మీ ఇష్టం. ఓనరుతో ఒక్క మాట మాట్లాడి డబ్బు పంపించేస్తాను.”

“ఫోన్ చెయ్యక తప్పదా?”

“ఇల్లుందో లేదో కనుక్కోకుండా ఎలా పంపుతామమ్మా? ఏం, ఆవిడ మంచిది కాదా?”

“మంచిదే. పెద్దావిడ. మొదట మగమనిషి లేకుండా ఇల్లివ్వనంది. ఉన్నాడన్నాను. ఎక్కడ చేస్తాడంటే వర్క్‌షాపు పేరు చెప్పాను. ఏదో ఒకటి చెప్పాలి కదండీ.”

“ఏదో ఒకటేంటి, ఉన్నదే కదా చెప్పారు.”

“అవును. ఉన్నదే.”

“ఉండండి, రింగవుతోంది... హలో, అమ్మగారూ, అద్దె సాయం ఆఫీసు నుంచండీ. మీ పై వాటా గురించి... అవును, ఆవిడే. నా ఎదురుగానే ఉన్నారు... అలాగా? ఎప్పుడు?... ఓహో, మీరే చేశారా వర్క్‌షాపుకి... మొత్తమా?... అయ్యో, మాకేం ఇబ్బంది లేదండీ, మంచిదేగా. చెప్తాను. ఉంటానండీ.”

“ఏమంటోంది?”

“శుభమేనమ్మా. మీకిక మా సాయంతో పనిలేదు. మీ ఆయన వచ్చి అడ్వాన్సు మొత్తం కట్టేశారట.”

“ఎవరు?”

“మీ ఆయనే. అక్కడ నిజంగా పనిచేస్తున్నారో లేదో కనుక్కుందామని ఆవిడ ఫోన్ చేస్తే, పని వదిలేసి మరీ వచ్చారట. ఎంత నెమ్మదస్తుడో అని ఒకటే పొగుడుతోంది. మిమ్మల్ని నిదానంగానే రమ్మన్నారట. ఎంతసేపైనా కూర్చుంటాను, ఏం పర్లేదు అన్నారట.”

“తాళం... తాళం ఆయన చేతికిచ్చేసిందా?”

“ఇచ్చేసిందట. ఏమ్మా, లేచి ఎక్కడికి? కూర్చోండి. ముందు కూర్చోండి. ఇప్పుడర్థమైంది నాకు. నా మతి మండ, అప్పుడే గట్టిగా అడగాల్సింది. మీరక్కడికి వెళ్లకండి. మావాళ్లని పిలుస్తాను, ఈ పూటకి వేరే చోటు చూద్దాం. ఆ ఇల్లు పోతే పోయింది. మీరిక్కడ ఉన్నంతసేపు ఆయన మిమ్మల్నేం చెయ్యలేడు.”

“ఆయన కంట పడకూడదని, పొద్దున్నే పాపని తీసుకెళ్లి ఆ పెద్దావిడ దగ్గరే వదిలొచ్చాను మేడం.”