గాలాడని మూత

సగం కోసిన గడ్డి మధ్యలో, కూర్చుని నడిపే గడ్డికోత బండి మళ్లీ ఆగిపోయింది. భర్త దిగి బోల్టులు విప్పబోతుంటే భార్య వంటింట్లోంచి వచ్చింది.

“మళ్లీ ఏమైందండీ?”

“నా ఖర్మ! ఫిల్టరు మార్చాను, పైపు మార్చాను, కార్బురేటరు కడిగాను. అయినా రెండు వరసలు కోసేసరికి గొంతు పట్టేసినట్టు ఆగిపోతోంది.”

“ట్యాంకు మూత తీయండి.”

“పెట్రోలు నిండా పోశాను. ఆ మాత్రం తెలీదా నాకు?”

“తీయండీ అంటే!”

“ఇదిగో, తీశాను. అరె, స్సుమని గాలి పీల్చుకుందేంటి! స్టార్టు కూడా అయింది!”

“ఆ మూతకు సన్నటి చిల్లు ఉండాలి. దాంట్లోంచి గాలి లోపలికి పోతేనే పెట్రోలు కిందికి దిగుతుంది. ఆ చిల్లేదీ?”

“అదా? చేసినవాడు సరిగ్గా చేయలేదేమోనని లప్పం పెట్టి పూడ్చేశాను.”

“పూడ్చేశారా! కనిపించిన చిల్లునల్లా పూడ్చేస్తే ఎలా వేగేదండీ మీతో?”

“అరవకు. కుక్కరు బుస్సుబుస్సుమంటోందని రోజూ గోల పెట్టింది నువ్వే. పొద్దున దాని మూతకూ అదే పెట్టాను. ఇక కిక్కురుమంటే ఒట్టు!”

“అయ్యో, దాన్ని పొయ్యి మీద పెట్టే వచ్చానండీ!”