చేపల మీద చీజ్

ప్రావిడెన్స్ ఊళ్లో ఇటాలియన్ల వీధి, క్రిస్మస్ ముందురోజు సాయంత్రం. మాంసం ముట్టని ఆ పూట ఏడు రకాల చేపల వంటలతో విందు చేసుకోవడం వాళ్ల ఆనవాయితీ. పేరున్న హోటలు మేడ మీది గదిలో, ఇద్దరికి వేసిన బల్ల దగ్గర ఎర్సీలియా అనే పెద్దావిడ ఒక్కతే కూర్చుని ఉంది. వడ్డిస్తున్న ఆర్మాండో ఈ ఏడే పనిలో చేరాడు.

"ఆ పళ్లెం తియ్యకు!"

"తియ్యడం లేదమ్మగారూ, కాస్త జరుపుతున్నా. రొయ్యలు పెట్టడానికి చోటు లేదు."

"నాది జరుపు. దాన్ని అక్కడే ఉండనీ. మా చెల్లెలు వస్తుంది."

"దారిలో ఉన్నారా?"

"మంచు పడుతోంది కదా."

"మంచు ఎప్పుడో ఆగిపోయిందండీ."

"ఇక్కడ ఆగిందేమో. వాళ్ల పేటలో ఆగొద్దూ?"

"అదీ నిజమే. కానీ మూడు వంటలు అయిపోయాయి. ఇద్దరి వాటా మీరొక్కరే..."

"నేనెక్కడ తిన్నాను? దాని వాటా దాని పళ్లెంలోనే పెట్టానుగా. చూడు, వేయించిన చిన్నచేపల తోకలు, కరకరలాడేవి ఏరి మరీ పెట్టా. నూంజియాకి అవే కావాలి. చిన్నప్పుడు తోకలన్నీ తను లాక్కుని, తలలు నాకు వదిలేసేది."

"చల్లారిపోయాయి మరి."

"చల్లారినవే బాగుంటాయంటుంది. అయినా ఏటా ఇక్కడ వడ్డించే ప్రీమో ఏడీ? ప్రీమో అయితే ఇన్ని అడగడు."

"మోకాళ్లు పట్టేసి మానేశాడండీ. నా పేరు ఆర్మాండో. ఇవాళ పైగదీ నాదే, కిందిదీ నాదే. మెట్లెక్కలేక చస్తున్నా."

"ఇంటి దగ్గర నీ పెళ్లాం పిల్లలు ఎదురుచూస్తుంటారు పాపం."

"పిల్లలు వాళ్లమ్మ దగ్గరున్నారు. ఈ ఏడు పండగ ఆవిడ వంతు."

"అయ్యో. ఒక రొయ్య తిను."

"డ్యూటీలో తినకూడదండీ."

"పండగపూట ఒక్కదాన్నీ తినలేకపోతున్నాను నాయనా. తిను."

"ఒక్కటే... ఇంక చాలు. అవునూ, కింద కిటికీ దగ్గర బల్ల అడగకపోయారా? వీధి దీపాలన్నీ కనబడతాయి. ఈ మూలన ఏముంది?"

"కింద కూర్చుంటే చర్చికి పోయేవాళ్లందరూ తొంగి చూస్తారు. 'ఎర్సీలియా ఒంటరిగా తింటోంది చూడవే' అని వీధంతా చెప్పుకుంటారు. నేను పక్కసందు మెట్లెక్కి వస్తా, ఆ మెట్లే దిగి పోతా."

"మరి మీరు పైన ఉంటారని మీ చెల్లెలుగారికి తెలుసా?"

"రావాలని ఉంటే వెతుక్కోదూ?"

"రమ్మని పిలిచారా?"

"నేనెందుకు పిలవాలి? పెద్దదాన్ని నేను. తప్పు చేసింది తను."

"పోనీ ఒక్క ఫోను..."

"రొయ్యల్లో ఉప్పెక్కువైందని లోపల చెప్పు."

"చెప్తా. తర్వాతది ఆల్చిప్పల లింగ్వినీ పాస్తా. కాస్త ఆలస్యమవుతుందండీ, వంటింట్లో గొడవగా ఉంది."

"ఏం గొడవ?"

"కింద ఎవరో ఆవిడ, ఆ లింగ్వినీ మీద చీజ్ తురుము చల్లి తెమ్మంటోంది."

"ఆల్చిప్పల మీద చీజా! చేపల వంటల్లో మనవాళ్లెవరైనా చీజ్ వేస్తారా? సిగ్గులేకపోతే సరి. ఏ దేశందిరా ఆవిడ?"

"మనవాళ్లావిడేనండీ, అదే విచిత్రం. మన భాషలోనే అడిగింది. పెద్ద వంటవాడు గరిటె విసిరికొట్టాడు. ప్రతి ఏడూ ఈవిడ అడుగుతుందట, ప్రతి ఏడూ ఈయన చచ్చినా ఇవ్వనంటాడట."

"ప్రతి ఏడూనా?"

"అయిదేళ్ల నుంచీ అట. ఏమైందండీ? నీళ్లిమ్మంటారా?"

"ఒద్దు. ఎక్కడ... ఎక్కడ కూర్చుంది?"

"కిటికీ దగ్గర బల్ల. అదే కావాలని వేసవిలోనే చెప్పి పెట్టుకుంటుందట."

"అది మా బల్ల."

"మీదా?"

"అమ్మ పోయాక మొదటి పండగ. ఇంట్లో పొయ్యి వెలిగించబుద్ధి కాక ఇద్దరం ఇక్కడికొచ్చాం. ఈ వంటే వచ్చింది. నూంజియా చీజ్ తెమ్మంది. మా అమ్మ ఎలాంటిదనుకున్నావ్? చేపలు వండినరోజు చీజ్ గిన్నె వైపు చెయ్యి పోతే ఆ చేతి మీద ఒక్కటేసేది. అలాంటి మనిషి పోయి ఏడాదైనా తిరక్కముందే... 'అమ్మ నేర్పిందంతా అమ్మతో పాటే పాతిపెట్టావుటే' అన్నాను. హోటలంతా వింది. అది కోటు కూడా తొడుక్కోకుండా మంచులో వెళ్లిపోయింది."

"అయ్యయ్యో."

"తప్పా నేనన్నది? నువ్వు చెప్పు. నీ ఇంట్లోనూ అమ్మ వండింది కదా. తప్పా?"

"చీజ్ సంగతైతే మీదే న్యాయం. కానీ..."

"కానీ ఏంటి? నసక్కు."

"ఎందుకమ్మా ఈ పంతం, లోపల అందరూ నవ్వుతున్నారు అని ఆవిణ్ణి నేనే అడిగాను. వాళ్లమ్మగారికి చివరి రోజుల్లో మతి తప్పిందట. ఏం పెట్టినా ఉమ్మేసేదట. లింగ్వినీ మీద చీజ్ గుమ్మరిస్తేనే నోరు తెరిచేదట, అందులో ఆల్చిప్పలున్నా సరే. 'నువ్వు తింటేనే నేను తింటా' అని పసిపిల్లలా మారాం చేసేదట. అలా ఇద్దరూ రోజూ అదే తిన్నారట. 'మా అమ్మ నా చేత్తో తిన్న ఆఖరి ముద్ద అదే, అది లేకుండా నాకు పండగేమిటి' అంది."

"నాకు చెప్పలేదు."

"ఏంటండీ?"

"నేనప్పుడు ఉద్యోగమని ఎక్కడో బఫెలో ఊళ్లో ఉన్నా. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేదాన్ని. అమ్మ తింటోందా అంటే తింటోంది అనేది. ఏం తింటోందో నేనడగలేదు, అదీ చెప్పలేదు."

"అమ్మగారి పరువు కాపాడాలనుకుందేమో."

"అమ్మ పరువు కాపాడి, నా చేత మాటపడి పోయింది. ఒక్కతే ఉందా అక్కడ?"

"ఒక్కతే. ఎదురుగా ఇంకో పళ్లెం పెట్టించుకుంది. అందులో వేయించిన చేపల తలలు వరసగా పేర్చింది. తియ్యబోతే కసిరింది."

"తలలా?"

"తలలేనండీ. అవంటే ఎవరికో ప్రాణమట."

"ప్రాణమూ లేదు, పాడూ లేదు! తోకలన్నీ అది లాక్కుంటే గతిలేక తినేదాన్ని."

"మీ కళ్లు... ఇదిగో, ఈ రుమాలు తీసుకోండి."

"మిరియాలు ఎక్కువేశారు రొయ్యల్లో."

"ఇందాక ఉప్పన్నారు."

"రెండూ ఎక్కువే. నువ్వు ఊరుకో."

"ఊరుకుంటే ఎలాగండీ? చీజ్ ఇవ్వరట అని ఇప్పుడు నేనే వెళ్లి చెప్పాలి ఆవిడకి. ఈసారి కాదంటే లేచిపోయేలా ఉంది, కోటు కూడా ఒళ్లో పెట్టుకుంది."

"లోపలి మెట్లు ఎటు?"

"ఆ తలుపు వెనకాలే. కానీ మీరు కింద కూర్చోనన్నారుగా, వీధిలో అందరూ చూస్తారని..."

"చూడనీ. ఆ తోకల పళ్లెం జాగ్రత్తగా పట్టుకుని నా వెనకాలే రా. ముందు వంటింట్లోకి పద, మీ పెద్ద వంటవాడితో మాట్లాడాలి."

"ఆయన ఒప్పుకోడండీ. గరిటె విసురుతాడు."

"విసరనీ. చీజ్ గిన్నె నిండా తురమమను, ఆర్మాండో. నాకూ కావాలి."