చిన్నికి శ్రీమంతం

గట్ల ఒత్తకు డాక్టరమ్మా! పిల్లిదైతే పానం కాదా? ఒక్కపాలి పిసికినవు, చాలదా?

చేతికి గట్టిగ తలుగుతున్నదా? తలగదా మరి! ఫిల్మ్‌నగర్ల మా గల్లీ మొత్తానికి ఎరుకే, చిన్ని కడుపుతోని ఉన్నదని. పక్కింటి శకుంతలమ్మ ఒక గాజును దారానికి గుచ్చి దీని మెడల కట్టింది. బొట్టు పెట్టి శ్రీమంతం చేసింది. నేను రహమత్ నగర్ పోయి చేపలు తెచ్చిన. నవ్వకు బిడ్డా.

ఏందీ? స్కాన్ల పిల్లలు లేవా? జర మంచిగ చూడు. అంత మబ్బుమబ్బుగ ఉన్నది, నీకేం కనవడ్డది? నలభై ఏండ్లు సెట్లల్ల లైట్లు పట్టినోణ్ణి నేను. వెలుగు సక్కగ పడకపోతే మంచి మొగం కూడ గడ్డ లెక్కనే కనవడ్తది.

వద్దు. ఆ రోగం పేరు ఎత్తకు. కావచ్చు అని కూడ అనకు.

అన్ని గడ్డలూ అదే కాదంటవ్. సూదితోని జర తీసి పరీక్షకు పంపితెనే తెలుస్తదంటవ్. దానికి నేను సంతకం పెట్టాలె. పెట్ట! మొండి ముసలోడు అనుకో, పో.

చెవా? చెవి కొస ఎందుకు తెగిందా? కుక్క కొరికింది.

గట్ల చూడకు.

కుక్క కాదు. ఆరేండ్ల కింద స్టూడియో పిల్లులకు పిల్లలు కాకుంట ఆపరేషన్ చేసిండ్రు. గుర్తుకు చెవి కొస కోసిండ్రు. ఇది ఎవరిదంటే నాదన్న. రాత్రిబడిల అప్పుడే పేరు రాసుడు నేర్సిన. నా మొదటి సంతకం గా కాగితం మీదనే. వీరయ్య, అని.

ఎరుకే నాకు! దీనికి పిల్లలు కావని మొదటి నుంచి ఎరుకే. రెండు నెలల కింద ఒళ్ళ పండుకుంటే నిమిరిన. గడ్డ తలిగింది. చెయ్యి గుంజుకున్న. పొద్దుగాల లేచి, పిల్లి కడుపుతోని ఉన్నదని గల్లీ అంత చెప్పిన.

నా పెండ్లాం కౌసల్యకు గిట్లనే కడుపు ఉబ్బితే, గ్యాస్ అన్న. సోడా తెచ్చి తాపిన. నమ్మింది, తాగింది. పోయింది.

ఇది కూడ నమ్మి చేపలు తిన్నది.

తే, కాగితం. ఏడ పెట్టాలె? నువ్వే పట్టుకో బిడ్డా, నా ఎడమ చెయ్యి దీని కడుపు మీదికెల్లి తియ్య. పేరు వంకర పోతది.

పోతే పోనీ.