జీడి మరక

ముత్యాలని ఒక పిల్ల ఉండేదంట, కాలవ గట్టు చాకలిపేటలో. పద్దెనిమిది నిండి ఓటు కార్డు చేతికొస్తే పేటంతా తిప్పి చూపించుకుందంట, ఫొటోలో మొహం గుర్తుపట్టేలా లేకపోయినా సరే. ఆ ఏడు దానితో కలిపి పేటలో పదకొండు మందికి కొత్తగా ఓట్లొచ్చేయి అనుకోండి. ఆ ఊరి ప్రెసిడెంటు గారేమో చాకిరేవు పూడ్చి రొయ్యల చెరువు తవ్విస్తానంటన్నాడు. రేవు పోతే పేటకి ఇంకేముంది, బండలు నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోతారు? ఆయన మీద నిలబడ్డది ఆటో తోలే దానియేలు. రేవు జోలికి ఎవర్నీ రానివ్వనన్నాడు. ప్రెసిడెంటు పోయినసారి గెలిచింది తొమ్మిది ఓట్ల తేడాతోనే, మనం పదకొండు మందిమి, ఇక మీరే చూసుకోండి అని ముత్యాలు గడప గడపకీ తిరిగి చెప్పిందంట. పెద్దోళ్ళ ఓటు ఎప్పుడూ ప్రెసిడెంటు గారు ఎటంటే అటు పోయేదే కదా.

ఏమైందంటే, రేపు పోలింగనగా పొద్దున్నే ప్రెసిడెంటు గారి పాలేరు మూటలు తెచ్చి ముత్యాలు నాయనమ్మ గుమ్మంలో దించేడంట. ఒకటా, రెండా, ఎనిమిది మూటలు. అన్నీ కొత్త దుప్పట్లు, తువ్వాళ్ళు. అయ్యగారింటికి చుట్టాలొస్తన్నారు, గుడ్డలు కలిసిపోతాయి, పొద్దు గూకేలోపు గుర్తులు పెట్టి పంపమన్నారు అన్నాడు. గుర్తంటే తెలుసా మీకు? మీకేం తెలుసులే, మిషన్లో ఉతుక్కునేవాళ్ళు. నల్లజీడి గింజకి సూది గుచ్చి, ఆ కారే రసంతో గుడ్డ అంచున చుక్కలు పెడతారు, ఏ ఇంటి గుర్తు ఆ ఇంటిది. గుడ్డ చిరిగిపోద్ది గానీ ఆ చుక్క పోదు. అడుగున ఎడం చెయ్యి చూపుడువేలు ఆనించి పెట్టాలి, లేకపోతే గుడ్డ జారి చుక్క అలుక్కుపోద్ది. కళ్ళున్న కుర్రోళ్ళ పని అది, ముసలోళ్ళకి ఆనదు.

ముత్యాలు వద్దందంట. "నాయనమ్మా, ఇయ్యాల మేం దానియేలుతో ఊళ్ళోకి పోవాలి, ఎల్లుండి పెడతాంలే" అందంట. "గుమ్మంలో దిగిన మూట కాదన్న కొంప ఈ పేటలో లేదే. నీతోటే మొదలవ్వాలా?" అందంట ముసల్ది. ఇంకేం చేస్తారు, పదకొండు మందీ కూర్చున్నారు. చుక్క మీద చుక్క, చుక్క మీద చుక్క, పొద్దు గూకేదాకా అదే పని. గోరు నల్లబడింది, గోటి చుట్టూ తోలు నల్లబడింది. ఒక్కరికైనా తట్టిందా? తట్టలేదు. ఊహ తెలిసిన కాడినించీ నల్లబడే వేళ్ళే కదా, కొత్తగా చూసుకునేదేముంది.

తెల్లారి అందరికంటే ముందు లైన్లో ముత్యాలే నిలబడిందంట, తలంటుకుని, ఉతికిన వోణీ వేసుకుని. ఆఫీసరు ఏదమ్మా వేలు అన్నాడు. చాపింది. ప్రెసిడెంటు మనిషి అక్కడే బల్ల మీద కూర్చునున్నాడు, "ఆ పిల్ల వేసేసిందండీ, గోరు చూడండి" అన్నాడంట. ఇది సిరా కాదండీ, జీడండీ, మీ పుస్తకంలో నా పేరు మీద గీతే లేదు చూసుకోండి అంటది ముత్యాలు. ఉండొచ్చమ్మా, మరకున్న వేలికి ఓటివ్వకూడదు, నా ఉద్యోగం పోద్ది అంటాడు ఆయన. దాని వెనక పదిమందీ అట్టాగే. వేలు చాపడం, తిరిగి రావడం. బయట ఎవడో నవ్వేడంట, ఏరా, రెండోసారి వేద్దామనొచ్చేరా అని. దాంతో తలొంచుకుని ఇళ్ళకి పోయేరు.

ముత్యాలు ఇంటికి పోలేదు. రేవులోకి పోయింది. తన బండ మీద కాసింత ఇసక పోసి ఆ వేలు పెట్టి రాసింది. రాసింది, రాసింది, గోరు లేచొచ్చేదాకా రాసింది. ఏడ్చిందో లేదో చూసినవాళ్ళు లేరు. ఇంకో గడియలో తలుపులేస్తారనగా వేలికి వోణీ కొంగు చుట్టుకుని వచ్చి, విప్పి, "ఇప్పుడు చూడండయ్యా, మరకుందా?" అందంట. ఆఫీసరు లేచి నిలబడ్డాడంట. సిరా పక్క వేలికి పెట్టేరు. ఓటేసింది.

ఆ పదకొండులో పడింది ఆ ఒక్కటే. దానియేలు ఎనిమిది ఓట్ల తేడాతో ఓడిపోయేడు. ఎండాకాలం రాకుండానే రేవు పూడ్చేరు, బండలు కూడా ఆ మట్టి కిందే ఉన్నాయి. ముత్యాలు ఇప్పుడు ఏలూరులో ఏదో ఆస్పత్రి దుప్పట్లు ఉతుకుతుందంట. ఆ వేలికి గోరు మళ్ళీ సరిగ్గా రాలేదు.

అదీ కథ. ముసల్ది ఏమైందని అడుగుతారేమో. ఏమవుద్ది, ఇదిగో మీ ముందు కూర్చుని కథ చెప్తంది. గుమ్మంలో మూట దించుకున్నది నేనే. నాకు కళ్ళాని చావవు కదా, జీడి ముట్టుకోలేదు, ఆ రోజు నా వేలు మల్లెపూవులా ఉంది. ఎవరూ ఆపలేదు. నేను కూడా ఓటేసొచ్చేను, మూట పంపినాయనకే.