మనవాళ్ళే గెలవాలి

మచిలీపట్నం బస్టాండులో నాగాయలంక బస్సెక్కి కూర్చున్నాక, ఫిలిప్ అసలు సంగతి అక్క చెవిన వేశాడు. పద్నాలుగేళ్ళలో ఆరు దేశాలు, తొమ్మిది క్లబ్బులు తిరిగి ఫుట్‌బాల్ ఆడినవాడు, ఇప్పుడొక బుల్లి ద్వీప దేశపు జాతీయ జట్టుకి కోచ్ అయ్యాడు.

“దేశం మొత్తానికా! దేవుడికి స్తోత్రం. మరి మొహం అలా పెట్టావేంరా?”

“మొదటి మ్యాచే ఇండియాతో అక్కా.”

“నీ దుంపతెగ! మనల్నే ఓడిస్తావా?”

“ఓడించడం కూడానా! ఈ రెండేళ్ళలో వాళ్ళు ఒక్క గోల్ కూడా కొట్టలేదు. ఒక్కటి కొట్టించానంటే ఆ దేశానికి సెలవిచ్చేస్తారు.”

“కొట్టించాలనుందా?”

“ఉందక్కా. అదే భయం. అమ్మకి నువ్వే చెప్పాలి.”

“అమ్మకి తెలుసు. నిన్న మీ ఆవిడ ఫోన్లో మా ఇద్దరికీ చెప్పేసింది.”

“మరి ఇందాక అంత ఆశ్చర్యపోయావేం?”

“నువ్వు నీళ్ళు నమలడం చూద్దామని.”

“సరేలే, అమ్మేమంది?”

“ఏమంటుంది? పొద్దున్నే పాస్టర్ గారి దగ్గరికెళ్ళి, ఆదివారం ప్రత్యేక ప్రార్థన చేయమంది. మనవాళ్ళే గెలవాలట.”

ఫిలిప్ గిరుక్కున అక్క వైపు తిరిగాడు.

“మనవాళ్ళంటే ఎవరు?”

“పాస్టర్ గారూ అదే అడిగారు.”

“అమ్మేం చెప్పింది?”

“‘అది ప్రభువుకి తెలుసులెండి, మీరు ప్రార్థన కానివ్వండి’ అంది.”