గిడ్డమ్మ పెట్టెకు అయ్యన్న కట్టిన రేటు

నిన్న సాయంత్రం నుంచి ఒక్క మాట లేకపోతే ఎట్లమ్మే గిడ్డమ్మా? తిట్టు. తిడితే నాకూ కొంచెం తేలిగ్గా ఉంటాది. నువ్వు నోరు మూసుకొని ఆ శనక్కాయలు పటుక్కు పటుక్కున ఒలుస్తాంటే నా మెడకాయ విరుస్తాండావేమో అనిపిస్తాండాది.

సరే, మాట్లాడాకు. ఇను. ఇనేదానికి దుడ్లేం పోవు.

మద్దేనం అన్నాల పొద్దుకు లారీ బయలుదేరతాదంట. ఒంటిమిట్టకు. అది కదిలిందంటే నీ పెట్టె పోయినట్టే. ఆ వంశీ సారు ఒంటిమిట్టలో గుడికొచ్చే జనాల కోసమని పాతకాలం ఇల్లు మాదిరి హోటలు కడతాండాడు కదా, దాంట్లో అడుగుపెట్టే తావులోనే పెడతాడంట నీ పెట్టెను. మీద పూలకుండీ. జనం దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. నువ్వు ఈడ కూచొని ఒలుస్తానే ఉంటావు.

అందుకే చెప్తాండా, లెయ్. వంశీ సారు గోడౌను దాకా నాతో రా.

రావా? అబ్బా, ఏం మొండి! మీ పుట్టింటి కోసిగి రాళ్లు నీకంటే మెత్తన.

ఇంతకూ నేనేం చేసినానని? దొంగతనం చేసినానా? పిలిస్తే పోయినా. మన కర్నూలు పాతబస్తీలో ప్రసన్నకుమారి టీచరమ్మ ఇల్లు అమ్ముకొని కడపలో చెల్లెలి దగ్గరికి పోతాండాది. ఇల్లు ఎవరో తీసుకొంటాండారు, ఇంట్లో సామానంతా వంశీ సారు తీసుకొంటాండాడు. “నాకు బేరం చేతగాదు అయ్యన్నా, ఏది ఎంత చేస్తాదో నువ్వే న్యాయంగా చెప్పు” అనింది ఆయమ్మ. అట్ల అడిగితే పోకుండా ఎట్లుంటా? నా బతుకే అది కదా.

నాకు చదువు లేదు, సర్టిఫికెట్టు లేదు. ఉండేదంతా ఈ నడిమి వేలు కణుపు ఒకటే. దాంతో కొట్టి చూస్తా. ఇల్లయితే గోడను తట్టి చూస్తా. వరద నీళ్లు యాడిదాకా ఎక్కినాయో ఆడిదాకా గార డొల్లగా పలుకుతాది, ఎంత సున్నం కొట్టినా దాగదు. అంగడయితే ఎదురుగా టీ తాగుతా కూచుంటా. వచ్చినోడు సరుకు అడిగేకంటే ముందు “మీ అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా” అని అడిగినాడంటే ఆ అంగడికి విలువుండాదని లెక్క. వస్తానే రేటు అడిగినోడు రేపు పక్కంగడికి పోతాడు. ఇట్లాటివి నేను యాడా నేర్చుకోలేదు. తిరిగి తిరిగి పట్టుకొన్యా.

ఆ, ఆ మూతి తిప్పేది నాకు కనపడతాండాది. మంచం సంగతి గుర్తొచ్చింది కదా నీకు? నేను నవాబుల కాలం నాటిదని చెప్పిన మంచం. దాన్ని చేసిన వడ్లాయన ఆ మంచం ఉండే వీధి చివర్లోనే ఉండె. పేడదిబ్బలో పూడ్చిపెట్టి, టీ డికాషను పూసి, ముసిలిదాన్ని చేసినాడంట. ఇప్పటికీ నేను కనపడితే వంగి సలాం చేస్తాడు. “అన్నా, నన్ను నవాబుల కాలానికి పంపిస్తివే, ఆడ కూలి కూడా సరిగ్గా ఇయ్యలేదు” అంటాడు. అంటే అన్నాడు. తప్పులు చేయనోడు ఈ పనిలో ఉండాడా?

నవ్వలేదు. సరే.

టీచరమ్మ ఇంట్లో తలుపులు చూసినా, దూలాలు చూసినా, కుర్చీలు చూసినా. వంశీ సారు నా వెనకాలే ఫోను పట్టుకొని రాసుకొంటా వస్తాండాడు. ఆఖరుకు లోపలి అర్రలో ఉండాది నీ పెట్టె. మీద తెల్లగుడ్డ, దాని మీద బైబిలు. ఆయమ్మ బైబిలు తీసి రొమ్ముకు ఆనించుకొని, గుడ్డ మడిచి పక్కన పెట్టి, “ఇది నాది కాదు అయ్యన్నా, వరద తెచ్చినాది” అనింది.

చెప్పిందమ్మే. ఆయమ్మ నోటితోనే చెప్పింది. ఆయమ్మ మీద కోపం పెట్టుకోవాకు.

వరదేడు ఎట్లుండెనో నీకు నేను చెప్పాల్నా? నీళ్లు దిగినాక ఒకరి బిందె ఇంకొకరింట్లో, ఒకరి దేవుడు ఇంకొకరి గూట్లో. ఎవరింట్లో తేలినవి వాళ్లు వీధిలోకి తెచ్చి పెట్టిరి. ఎవరివి వాళ్లు గుర్తుపట్టి తీసుకపోయిరి. టీచరమ్మ గూడా మనుషులను పెట్టి ఆ పెట్టెను వాకిట్లోకి లాగించి, ఎండలో ఆరబెట్టి, శానా రోజులు చూసిందంట. ఎవరూ రాలేదు. ఎట్లొస్తారు? మనం అప్పుడు బురద ఇల్లు వదిలేసి కోసిగిలో మీ అన్న ఇంట్లో ఉంటిమి. తిరిగొచ్చేసరికి వీధులన్నీ ఊడ్చేసినారు. మీ అవ్వ నీకిచ్చిన పెట్టె ఏట్లో పోయిందనుకొంటివి. నువ్వు ఏడ్చింటావు. ఏడ్చినావా? ఏడ్చే ఉంటావులే.

నిన్న నేను ఇంటికొచ్చి, “చూడమ్మే, ఈ పొద్దు ఏమేం చూసొచ్చినానో” అని ఫోను నీ ముందర పెట్టినా. నీకు చూపించి మెచ్చుకోమందామని. నువ్వు ఒక్కొక్క ఫోటో జరుపుతా జరుపుతా దాని దగ్గర ఆగిపోయినావు. “ఇది నాది” అన్యావు. అంతే. అదే ఆఖరి మాట.

అప్పుడు నేనేం చెప్పినా? చూస్తానే గుర్తుపట్టినా అని చెప్పినా. కానీ రేటు కట్టను పోయినోడు “ఇది మాది” అని మీద చెయ్యేస్తే రేపు ఊర్లో ఏ గడప ఎక్కనిస్తారు? పైగా టీచరమ్మ ఒంటరి మనిషి, ఉన్నదమ్ముకొని పోతాండాది, ఆయమ్మ ముందర నోరెట్ల తెరిచేది? మనసు రాయి చేసుకొని రేటు చెప్పి వచ్చేసినా అంటి. శానా బాగా చెప్పినాననుకొంటి. గొంతు గూడా కొంచెం వణికించినా.

నువ్వు నన్నొక చూపు చూసినావు. నేను పాత సామాను అడుగున చెద పట్టిందా లేదా అని చూసే చూపు ఉండాదే, సరిగ్గా అదే.

ఇంక రాత్రంతా అటు తిరిగి పండుకొన్యావు. సామాను రాత్రికే గోడౌనుకు తోలించినారంట, తెల్లారి నువ్వు చూడకముందే పోయినా ఆడికి. “వంశీ సారూ, ఆ పెట్టె మాది, ఇంట్లో పెద్ద రచ్చయితాండాది” అన్నా. కోపం చేయలేదప్పా, మంచోడు. నవ్వినాడు. “పెద్దాయనా, నేను ఫోటో స్టేటస్ పెట్టినప్పటి నుంచి అది మాదే అని ఇంకా కొందరు ఫోన్ చేసినారు. వరదలో పెట్టెలు పోయినోళ్లు ఒకరా ఇద్దరా! టీచరమ్మ నాకు ముందే చెప్పినాది, నిజంగా దాని సొంతోళ్లు వస్తే ఇచ్చెయ్యి, నీ డబ్బు నేను వెనక్కిస్తానని. లోపల ఒక గుర్తు ఉండాదంట, నాకు చూపించినాది. అదేందో చెప్పి తీసుకపోండి. నేనే లారీ మీద నుంచి దించిస్తా” అన్నాడు.

ఎంత న్యాయం! ఇంతకంటే ఎవరు చేస్తారు? గుర్తు చెప్పు, తీసుకపో.

నేను లారీ చుట్టూ ఒకసారి తిరిగొచ్చినా.

“నల్లగా ఉంటాది సారూ” అన్నా. ఆయప్ప లారీ అంచున ఉండే పెట్టె మూత మీద చెయ్యేసి, “అది ఫోటోలోనే ఉండాది కదా” అన్నాడు. “ఇత్తడి గొళ్లెం” అన్నా. “అదీ ఉండాది”. “లోపల బొంతలు పెడతాంటిమి” అన్నా. “కర్నూల్లో బొంతలు పెట్టని పెట్టె ఉండాదా?” అన్నాడు. పక్కన లారీ డ్రైవరు టీ తాగుతా నన్నే చూస్తాండాడు. “దీనికి రేటు కట్టింది మీరే కదా పెద్దాయనా, మూత తెరిచి లోపల చూసింటారు కదా?” అన్నాడు వంశీ సారు. నిజంగా అడిగినాడో ఎగతాళికి అడిగినాడో నాకు తెలీదు. చూసినా సారూ అనుకొన్యా మనసులో. చెద ఉండాదా లేదా అని చూసినా. చెద లేదు.

“అన్నాల పొద్దు దాకా ఆపుతా” అన్నాడు.

అందుకే నువ్వు రావాల. ఇప్పుడు తెలిసిందా?

ఏంది అట్ల చూస్తాండావు? ఒలిచేది ఆపినావు. చూస్తానే గుర్తుపట్టినోడికి గుర్తెందుకు తెలీదు అనే కదా? అడుగు. నోటితో అడుగు, నాకు ఇంత సిగ్గుండదు.

సరే. నేనే చెప్తా.

నేను గుర్తుపట్టలేదు.

త్యాగం లేదు, ఏం లేదు. టీచరమ్మ మీద జాలీ లేదు, నా పరువూ లేదు. నాకు తెలీనే తెలీలేదమ్మే. నీ పెట్టె ముందర మోకాళ్ల మీద కూచొని, కణుపుతో కొట్టి, గోటితో గీరి వాసన చూసి, “మంచి టేకు, ఎవరిదో గాని” అన్నా. అంతటితో ఊరుకొన్యానా? నాకు తెలివి ఎక్కువ కదా. చెక్క మీద చెయ్యి పెట్టి నిమిరి, “చూడు సారూ, ఎవరో ఆడమనిషి దీన్ని ఏటేటా నూనెగుడ్డతో తుడిచింది, అందుకే వరద నీళ్లల్ల నానినా పగల్లేదు, దానికి రేటు పెంచాల” అని పెంచినా గూడా!

ఎవరో ఆడమనిషంట.

వంశీ సారు “ఆహా” అన్నాడు. టీచరమ్మ “ఎవరో ఆ తల్లి” అనింది. నేనూ తలూపినా.

నువ్వు తుడిచేది నేను ఎప్పుడు చూసినా? నువ్వు తుడుస్తాంటే నేను యాడుంటి? ఎవరింట్లోనో ఎవరి గుంజలకో రేటు కడతాంటి. ఇంటికొస్తే దాని మీద కూచుంటాంటి. పొద్దున చెప్పులేసుకొనేదానికి కూచుంటాంటి, సాయంత్రం విప్పేదానికి కూచుంటాంటి. నా ముడ్డికి తెలిసింటాది ఆ పెట్టె. నేను చేతితో కొట్టినా, అదే తప్పు. ఆడ దాని మీద ఒకసారి కూచొనింటే అది చెప్పుండేది, “ఒరే అయ్యన్నా, ఇది మనింటిది” అని. పొద్దున గూడా అనుకొన్యా, ఒకసారి కూచోనియ్యి సారూ అని అడుగుదామా అని. లారీ డ్రైవరును చూసి ఊరుకొన్యా.

నవ్వినావా? లేదు. నీ పెదవి కదిలింది గాని, అది నవ్వు కాదు.

ఎందుకు అబద్ధం చెప్పినా అంటే… ఏమో. తెలీలేదని చెప్పేదాని కంటే తెలిసి వదిలేసినా అని చెప్పేది కొంచెం మర్యాదగా అనిపించింది. తెలిసి వదిలేసినోడు చెడ్డోడు. తెలీనోడు ఏమయితాడు? నువ్వే చెప్పు. ఇన్నేండ్లు ఒక ఇంట్లో ఉండి…

వద్దులే. చెప్పాకు.

ఇప్పుడు ఆ గుర్తేందో అడిగే మొగం నాకు లేదు. మీ అవ్వ ఏమన్నా చెక్కించిందా, నువ్వు చిన్నప్పుడు మేకుతో గీకినావా, పసుపు బొట్లు ఉండాయా, లోపల ఇంకో అర ఉండాదా? నేను ఎన్నిసార్లు దాంట్లోనుంచి పంచె తీసుకొనింటా! చెయ్యి పెట్టడం, పంచె తీయడం. కన్ను పెట్టిందే లేదు.

నాకు పాత సామాను అంటే పిచ్చి అని ఊర్లో అంటారు. అట్ల అనేటోళ్లను మనింటికి పిలుచుకొని రావాల.

లేసినావా?

యాడికి? ఆ చాట కింద పెట్టు, ఒలికిపోతాండాది. కొంగు దులుపుకొంటాండావు… వస్తాండావా? నిజంగా? ఉండు ఉండు, ఆటో పిలుస్తా. ఓ బాబూ, గోడౌనుకు, ఆపప్పా! తొందరగా పోవాల, లారీ పోతాది.

ఎక్కు. జాగ్రత్త, తల తగులుతాది.

ఏందీ, పోయే దావలోనే చెప్తావా గుర్తు? నోరు తెరుస్తాండావు… వద్దు. ఆగు. నాకు చెప్పాకు గిడ్డమ్మా. నాకు చెప్తే నేను దానికి గూడా ఒక రేటు కడతా. ఆ వంశీ సారుకే చెప్పు. నేను గోడౌను బయట, ఆ లారీ నీడలో నిలబడుకొంటా.